డయాఫ్రమ్‌కు కొబ్బరినూనె తగలనివ్వకండి

హార్మోన్లు వద్దనుకుని డయాఫ్రమ్ (గర్భం రాకుండా యోని లోపల గర్భాశయ ముఖానికి అడ్డుగా అమర్చుకునే మెత్తని కప్పు) ఎంచుకున్న వరంగల్, హనుమకొండ అక్కచెల్లెళ్లకు ఒక మాట. తెప్పించుకున్నా కొలత మాత్రం గైనకాలజిస్టుకే చూపించుకోండి. కాన్పు తర్వాత అది మారవచ్చు. వాడే ముందు నీళ్లు నింపి చూడండి, చుక్క కారితే పారేయడమే. వీర్యకణాలను చంపే జెల్ రాసి అమర్చుకోవాలి. కలయిక తర్వాత కనీసం 6 గంటలు తీయకూడదు, మొత్తం 24 గంటలు దాటనివ్వకూడదు. లేటెక్స్ రకమైతే కొబ్బరినూనె, వాసెలిన్ తగిలితే రబ్బరు పాడవుతుంది. మన మే నెల ఎండలకు కూడా అంతే, చల్లని చోట డబ్బాలో దాచండి.

మామూలు వాడకంలో ఏడాదికి వందలో సుమారు 17 మందికి గర్భం వస్తుంది. అది ఎక్కువనిపిస్తే కాపర్-టీ మేలు: హార్మోన్ లేదు, పైగా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.