కారు అద్దం వాషర్ నీళ్లు చిమ్మడం లేదా? మోటారు కొనే ముందు బోరు నీళ్లను అనుమానించండి

మిర్యాలగూడ రైసు మిల్లుల ఊక దుమ్ము, హుజూర్‌నగర్ వైపు సిమెంటు లారీలు లేపే సున్నపు పొడి, సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలాల దగ్గర పొద్దు గూకగానే ముసిరే పురుగులు. మన రోడ్లపై కారు అద్దానికి ఇవి తప్పవు. ఎంజీబీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ లాంటి పాత రెండు సీట్ల కార్లలో అద్దం చిన్నది, పైగా ముఖానికి బాగా దగ్గర. నీళ్లు పడకుండా వైపర్ వేస్తే ఆ దుమ్మే అద్దాన్ని గీకి పారేస్తుంది. కాబట్టి వాషర్ బాగు చేసుకోవడం సోకు కోసం కాదు.

మెకానిక్‌ను అడిగితే వచ్చే మొదటి మాట "మోటారు పోయింది సార్". చాలాసార్లు అది పోయి ఉండదు. అందుకే పరీక్షను చివర నుంచి మొదలుపెట్టండి. బానెట్ ఎత్తి, జెట్ (అద్దం మీదికి నీళ్లు చిమ్మే చిన్న ముక్కు) కిందికి వచ్చే గొట్టాన్ని ఊడదీసి, సీట్లో ఒకరిని కూర్చోబెట్టి గుండీ నొక్కమనండి. గొట్టం నుంచి నీళ్లు బలంగా వస్తే పంపు, గొట్టాలు, నీళ్ల డబ్బా అన్నీ బాగున్నట్టే, తప్పు జెట్‌ది. రాకపోతే వెనక్కి వెళ్లండి: రెండు జెట్లకు నీళ్లు పంచే టీ జాయింట్, తర్వాత పంపు, చివరికి డబ్బా.

సమస్య: గొట్టంలో నీళ్లు వస్తున్నాయి, జెట్ నుంచి రావడం లేదు, లేదా ఒక్క వైపే వస్తున్నాయి

మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఇదే. నల్లగొండ నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. జెట్‌ను మూసేది మాత్రం ఫ్లోరైడ్ కాదు, బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. నీళ్లు వేడి చేసే రాడ్‌కు తెల్లగా పట్టే పొర అదే. జెట్ రంధ్రం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. మే నెల ఎండలో బానెట్ మీద చెయ్యి పెట్టలేం. జెట్ కొనలో మిగిలిన ప్రతి చుక్కా అక్కడే ఆవిరై, తనలోని సున్నాన్ని అక్కడే వదిలి వెళ్తుంది.

పరిష్కారం: జెట్‌ను విప్పి, గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి కొన్ని గంటలు నానబెట్టండి. తర్వాత మందుల దుకాణంలో దొరికే పెద్ద సిరంజిలో శుభ్రమైన నీళ్లు నింపి, నీళ్లు బయటికి వచ్చే కొన వైపు నుంచి లోపలికి కొట్టండి. కింద అరచెయ్యి పడితే ఇసుక లాంటి తెల్లటి పలుకులు రాలడం కనిపిస్తుంది. ఇంకా అడ్డం ఉంటే కరెంటు తీగలోని ఒక్క రాగి పోగును దూర్చండి. గుండుసూది వద్దు, ఇత్తడి మెత్తన, రంధ్రం సాగిపోతుంది. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ అసలే వద్దు. అది పైనున్న క్రోమ్ పూతను తినేస్తుంది, ఆ పాత జెట్ మళ్లీ దొరకదు.

సమస్య: మోటారు తిరుగుతున్న చప్పుడు ఉంది, గొట్టంలో నీళ్లు లేవు

తొలి ఎంజీబీలలో మోటారే లేదు. డ్యాష్‌బోర్డు మీది గుండీని నొక్కితే ఆ వేలి బలానికే నీళ్లు చిమ్మేవి. తర్వాతి యజమానులు చాలామంది దానికి కరెంటు పంపు తగిలించారు. తగిలించేటప్పుడు జరిగే పొరపాట్లు ముఖ్యంగా రెండు.

మొదటిది, పంపును ఎత్తులో బిగించడం. బజారులో దొరికే వాషర్ మోటార్లలో ఉండేది చిన్న రెక్కల చక్రం. అది ఎదురుగా ఉన్న నీటిని నెట్టగలదే తప్ప, కింది నుంచి గాలిని లాగి నీటిని పైకి తెచ్చుకోలేదు. పంపు డబ్బా అడుగు కంటే కిందే ఉండాలి. పాత డబ్బాకు మూత నుంచే గొట్టం వస్తుంటే, అడుగున రంధ్రం చేసి రబ్బరు రింగుతో మోటారును నేరుగా అక్కడ దూర్చడం మంచిది. అసలు డబ్బాను పాడు చేయడానికి మనసు రాకపోతే దాన్ని దాచిపెట్టి, మారుతి 800 డబ్బాను మోటారుతో సహా కనబడని చోట బిగించండి. నాకైతే ఇదే నచ్చిన దారి.

రెండోది, ప్లస్-మైనస్ తారుమారు. 1967 చివరి వరకు వచ్చిన ఎంజీబీలలో బ్యాటరీ ప్లస్ కొసే బాడీకి కలిసి ఉంటుంది. ఇది తెలియక నేటి కార్ల అలవాటులో మోటారు మైనస్ వైరును బాడీకి బిగిస్తే చక్రం వెనక్కి తిరుగుతుంది. చప్పుడు మామూలుగానే వస్తుంది, నీళ్లు మాత్రం నీరసంగా కారుతాయి. రెండు వైర్లను అటూ ఇటూ మార్చితే చాలు. మోటారు ఒళ్లు ప్లాస్టిక్ కాబట్టి షార్ట్ అవుతుందన్న భయం లేదు. విడిగా ఒక ఫ్యూజ్ మాత్రం తప్పకుండా పెట్టండి.

నీళ్లు లేని డబ్బాతో మోటారు తిప్పవద్దు. లోపలి సీలుకు నీరే చలువ.

సమస్య: అసలు చప్పుడే లేదు

ఫ్యూజ్, తర్వాత కనెక్టర్ల మీది పచ్చటి చిలుము, తర్వాత వైరును బాడీకి కలిపే ఎర్త్ బోల్టు కింద మిగిలిన పెయింట్. ఈ వరుసలో చూడండి. బ్యాటరీ నుంచి నేరుగా వైర్లు ఇచ్చినా తిరగకపోతే అప్పుడు మోటారు మార్చండి.

సమస్య: నాలుగైదు సార్లు నొక్కితే గానీ నీళ్లు రావు

గొట్టంలోని నీళ్లు నొక్కిన ప్రతిసారీ వెనక్కి డబ్బాలోకి జారిపోతున్నాయి. వెనక్కి పోకుండా ఆపే కవాటం పాడైంది, లేదా గొట్టం ఎండకు పెళుసెక్కి జాయింట్ దగ్గర గాలి పీలుస్తోంది. గొట్టాన్ని గోటితో నొక్కి చూడండి. గట్టిగా, పసుపు రంగుకు తిరిగి ఉంటే మొత్తం తీసేసి రబ్బరు గొట్టం వేయండి. కవాటానికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. మహబూబ్‌నగర్‌లోనైనా నల్లగొండలోనైనా రంగు చేపలు అమ్మే దుకాణంలో గాలి పంపుకు వాడే చిన్న ప్లాస్టిక్ కవాటం చవకగా దొరుకుతుంది. దాని మీది బాణం గుర్తు జెట్ వైపు ఉండేలా పెట్టండి.

చేత్తో నొక్కే పాత పంపు అయితే లోపలి రబ్బరు గట్టిపడి ఉండవచ్చు. దానికి సిలికాన్ గ్రీజు రాయండి. ఇంజిన్ ఆయిల్ రాస్తే రబ్బరు ఉబ్బి ఇరుక్కుంటుంది.

సమస్య: నీళ్లు కారు మీదుగా వెనక్కి ఎగిరిపోతున్నాయి

టాప్ తీసిన కారులో ఇది మీ నెత్తికే తగులుతుంది. కారు ఆపి ఉన్నప్పుడు ధార అద్దం సగం కంటే కాస్త పైన తగిలేలా జెట్‌ను తిప్పండి. జాతీయ రహదారి మీద వేగం పెరిగేకొద్దీ గాలి ధారను కిందికి వంచుతుంది.

సమస్య: నీళ్లు బాగానే పడుతున్నాయి, అద్దం మాత్రం మసకబారుతోంది

రెండు కారణాలు: ఎండకు బిగుసుకుపోయిన వైపర్ రబ్బరు, డబ్బాలో సబ్బు పొడి. బోరు నీళ్లలో సబ్బు కలిస్తే నురగ రాదు, తెట్టు కడుతుంది. ఆ తెట్టు అద్దాన్ని మసకబార్చి, తర్వాత జెట్లలోకి చేరుతుంది. ఆర్వో యంత్రం బయటికి వదిలే వృథా నీళ్లను పొదుపు అనుకుని పోసేవాళ్లున్నారు. ఇంట్లోకి వచ్చే నీళ్లకంటే వాటిలోనే లవణాలు ఎక్కువ. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్, లేదా ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లు పల్చటి గుడ్డతో వడకట్టి పోయండి. అవి దొరకనప్పుడు మిషన్ భగీరథ కుళాయిలో వచ్చే నది నీళ్లు బోరు నీళ్ల కంటే మేలు. లీటరుకు కొన్ని చుక్కల కారు షాంపూ చాలు. చలి దేశాల కోసం అమ్మే గడ్డకట్టని ద్రవం మన ఎండల్లో డబ్బు దండగ.