ఎయిర్ రైఫిల్‌కు ఫైబర్ స్టాక్: గురి కదలకుండా కూర్చోబెట్టిన పద్ధతి

నాది 0.177 అంగుళాల పెల్లెట్లు వాడే స్ప్రింగ్ రైఫిల్. దాని కట్టె స్టాక్ (భుజానికి ఆనించి పట్టుకునే భాగం) వానాకాలం ఉబ్బి, నల్గొండ ఎండలకు ఎండి, స్క్రూల దగ్గర చీలింది. ఫైబర్ (గట్టి ప్లాస్టిక్) స్టాక్ వేసినా 10 మీటర్లలో గురి పూటకోచోటికి పోయింది. పెల్లెట్లు మార్చడం, స్కోప్ మౌంటు బిగించడం, బ్యారెల్ తుడవడం, ఏదీ పనిచేయలేదు.

అసలు లోపం స్టాక్ ముందువైపు స్క్రూల దగ్గర. స్ప్రింగ్ కొట్టే ప్రతి దెబ్బకూ స్క్రూ తల ప్లాస్టిక్‌ను నొక్కి లోపలికి దిగుతుంది, పట్టు సడలుతుంది. వేలితో తడిమితే రంధ్రం చుట్టూ పళ్లెంలాంటి గుంట తగులుతుంది.

ముందు రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూసుకోండి. స్టాక్ విప్పాక బ్యారెల్ మడిచి కాక్ చెయ్యకండి (స్ప్రింగ్ నొక్కి బిగించకండి), చాలా ప్రమాదం. స్టాక్ గోడ మందం వెర్నియర్‌తో కొలిస్తే 6.4 మి.మీ. వచ్చింది. లేత్ షాపులో 6.2 మి.మీ. పొడవున్న స్టీల్ బుష్‌లు (చిన్న గొట్టాలు) రెండు కోయించి రంధ్రాల్లో దించాను. ఆ 0.2 తేడా ముఖ్యం: బుష్ గోడకంటే పొడుగైతే స్టాక్ ఊగుతుంది, మరీ పొట్టిదైతే ప్లాస్టిక్ మళ్లీ నలుగుతుంది. స్క్రూ తల కింద కప్పు వాషర్, మరపై ఒక చుక్క నీలం థ్రెడ్‌లాకర్ (స్క్రూ సడలకుండా పట్టే జిగురు). ముందువైపు స్క్రూలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించి, చివరికి ట్రిగ్గర్ గార్డు స్క్రూ బిగించాను. 24 గంటలు ముట్టుకోలేదు.

స్టాక్ కొనేముందు స్క్రూల మధ్య దూరం, కాకింగ్ లింకు (బ్యారెల్ మడిచినప్పుడు స్ప్రింగ్‌ను నొక్కే కడ్డీ) తిరిగే గాడి పొడవు కొలిచి చూడండి. గాడి పొట్టిదైతే లింకు రాసుకుంటుంది.

300 పెల్లెట్ల దాకా గురి కదల్లేదు. ఒకే స్క్రూతో బిగించే పీసీపీ (ముందే గాలి నింపుకునే) రైఫిళ్లకు ఇదే పనిచేస్తుందని మాత్రం చెప్పలేను.