గోదావరి లంకల్లో ఇంటికి జనరేటర్ కొనేముందు

ముందు లోడు, అంటే ఒకేసారి నడిచే వస్తువులన్నిటి వాట్ల లెక్క రాసుకోండి. నీళ్ల మోటారు శక్తిని హెచ్‌పీ (హార్స్‌పవర్)లో చెబుతారు, ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. కానీ మోటారు స్టార్టయ్యే క్షణంలో దానికి మూడు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే లాగుతుంది. ఫ్యాన్లు, లైట్లు మాత్రమే లెక్కేసి చిన్నది తెచ్చారంటే, మోటారు వేయగానే బల్బులు మసకబారి సెట్టు ఆగిపోతుంది.

పెట్రోల్ సెట్టు తేలిక, ఇద్దరు పట్టుకుని పడవలోకి ఎత్తేయొచ్చు. అయితే నెలల తరబడి నిలవుంటే పెట్రోల్ పాడై కార్బురేటర్‌లో జిగురు కడుతుంది. వరద రోజుల కోసం దాచుకోవాలంటే నా ఓటు డీజిల్‌కే. అది పెట్రోల్ అంత తేలిగ్గా అంటుకోదు కూడా. డబ్బాలోకి తేమ చేరకుండా మూత బిగించండి.

1986 ఆగస్టు గోదావరి వరద మీ గోడ మీద ఎంతవరకు వచ్చిందో పెద్దవాళ్లను అడగండి. అంతకంటే ఎత్తుగా దిమ్మె కట్టి, సెట్టును దాని మీద పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం పొగ. వాన పడుతోందని వరండాలోకి తేవద్దు, ఒక్క గంటకైనా సరే. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, నాలుగు వైపులా తెరిచి ఉన్న పాక వేయండి.

పెట్రోలైనా డీజిలైనా పోసేముందు సెట్టు ఆపి, చల్లారనివ్వండి.