ఇంగ్లిషు పదాల మొదళ్లు – 4: ‘ఇన్’ పెట్టిన పేచీ

ఈసారి ‘డిస్’ మొదలుపెట్టాలి. కానీ పోయినసారి ‘ఇన్’తో మొదలయ్యే మాటలకు అర్థాలు రాయమంటే మీరు పంపిన జవాబులు చూశాక ‘ఇన్’ లెక్క తేల్చకుండా ముందుకు వెళ్లలేం. ఇన్‌కరెక్ట్, ఇన్‌విజిబుల్ దాకా అందరూ బాగానే రాశారు. ఇన్‌ఫ్లేమబుల్ దగ్గర మాత్రం చాలామంది ‘మంట అంటుకోనిది’ అని రాసేశారు. పెట్రోలు ట్యాంకర్ల మీద హెచ్చరికగా రాసేది ఈ మాటే. మీ అర్థమే నిజమనుకుని దాని పక్కన బీడీ ముట్టించేరు!

లాటిన్‌లో ‘ఇన్’లు రెండు. ఒకటి ‘కాదు’, మన ‘అసాధ్యం’లోని ‘అ’కి దూరపు చుట్టం. రెండోది ‘లోపలికి, మీదికి’. ఇంపోర్ట్, ఇన్‌హేల్ ఆ కోవవి. ఇన్‌ఫ్లేమ్ అంటే రగిలించడం. దానికి ‘ఏబుల్’ తగిలితే మండే గుణమున్నదని అర్థం. ఇంగ్లిషువాళ్లే తికమకపడుతున్నారని అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ సంస్థ 1920లలోనే ‘ఫ్లేమబుల్’ అని రాయమంది. రెండింటికీ అర్థం ఒకటే. మండనిది నాన్‌ఫ్లేమబుల్.

నేను వాడే అడ్డదారి ఇది: చివర ‘ఏబుల్’ తీసేసి చూడండి. మిగిలింది క్రియగా నిలబడితే చాలావరకు అది ‘లోపలి’ ఇన్. ఇన్‌హ్యాబిట్ నిలబడుతుంది, కనుక ఇన్‌హ్యాబిటబుల్ అంటే నివాసయోగ్యం. ఇన్‌కంపేర్ అనే క్రియ లేదు, కనుక ఇన్‌కంపేరబుల్ సాటిలేనిది.

ఇక ఇన్‌వాల్యుబుల్. ‘పనికిరానిది’ అని రాసినవాళ్ల మీద నాకు నిజంగానే కోపం వచ్చింది. ఎన్నికలప్పుడు ఆటో మైకులో ‘మీ అమూల్యమైన ఓటు’ అంటే చెల్లని ఓటనుకుంటున్నామా? మూల్యం కట్టలేనిది అమూల్యం, ఇదీ అంతే. ఇన్‌వాల్యుబుల్ హెల్ప్, ఇన్‌వాల్యుబుల్ అడ్వైస్, ఇన్‌వాల్యుబుల్ ఎక్స్‌పీరియన్స్: అన్నీ పొగడ్తలే. పనికిరానిదైతే వర్త్‌లెస్ అనండి.

ఇన్‌ఫేమస్ అని పలక్కండి, ఇన్‌ఫమస్. పేరు లేనివాడు కాదు, చెడ్డపేరున్నవాడు.

‘ఇన్’ ఒక్కోచోట ‘ఇమ్’ ఎందుకవుతుందో మీకు తెలియకుండానే తెలుసు. ‘పంతులు’లో సున్న, ‘పంపు’లో సున్న పలికి చూడండి. మనం రెంటికీ సున్న పెట్టి ఊరుకుంటాం, ఇంగ్లిషులో అక్షరమే మారుతుంది. ల, ర ముందు ఇల్లీగల్, ఇర్రెగ్యులర్. అలాగని ఇరిగేషన్‌లో ‘కాదు’ వెతక్కండి. అది పొలం మీదికి నీళ్లు పెట్టడం.

అభ్యాసం: నిఘంటువులో ‘ఇమ్’తో మొదలయ్యే మాటలు నలభై తీసి రెండు కుప్పలు చేయండి. ఇమేజ్, ఇమిటేట్ ఏ కుప్పలోకీ రావు, వదిలేయండి. ‘గోల్కొండ ఇంప్రెగ్నబుల్ కోట’ అన్న వాక్యంలో ఏ ‘ఇన్’ ఉందో కారణంతో రాయండి. నిఘంటువు ఆ మాటకు రెండర్థాలు చూపిస్తే కంగారుపడకండి, రెండూ రాసి పంపండి.