ట్యాక్స్ జాయింట్‌గానా, సెపరేట్‌గానా? ఇంట్లో స్టూడెంట్ లోన్ ఉంటే ముందు ఇది చూసుకోండి

అమెరికాలో పెళ్లయినవాళ్లు ట్యాక్స్ రిటర్న్‌ను ఇద్దరూ కలిపి జాయింట్‌గానైనా, ఎవరిది వాళ్లు సెపరేట్‌గానైనా ఫైల్ చేయవచ్చు. పెళ్లయిన ఏడాది తర్వాత మార్చిలో మా ట్యాక్స్ చేసిపెట్టే ఆయన ఫోన్‌లో ఒకే మాట అడిగారు. "జాయింటే కదండీ?" అవునన్నాను. పెళ్లయ్యాక ఇంకెలా చేస్తారనుకున్నాను. అప్పటికి నేను హెచ్1బీ మీద ఉన్నాను. మా ఆవిడ ఇక్కడే పుట్టి పెరిగి, మెడిసిన్ చదివి, డాక్టర్ల శిక్షణ అయిన రెసిడెన్సీలో చేరింది. ఆవిడ చదువు అప్పు సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

కొన్ని నెలలకు లోన్ వాయిదాలు వసూలు చేసే సంస్థ (సర్వీసర్) నుంచి కొత్త వాయిదా ఎంతో చెబుతూ ఉత్తరం వచ్చింది. మా ఆవిడ డైనింగ్ టేబుల్ పక్కన నిలబడి ఒకసారి చదివింది, కూర్చుని ఇంకోసారి చదివింది. "నా జీతం పెరగలేదు కదా, ఇదెందుకు పెరిగింది?" అంది. పెంచింది నా జీతం.

మనవాళ్లలో చాలామందికి అసలు ఈ గొడవే ఉండదు. ఎఫ్1 మీద వచ్చి ఎంఎస్ చేసినవాళ్ల అప్పు సాధారణంగా మన ఊళ్లో బ్యాంకులో ఇంటి కాగితాలు పెట్టి తెచ్చుకున్నదో, ప్రాడిజీ, ఎంపవర్ లాంటి సంస్థలు ఇచ్చిందో అయి ఉంటుంది. మీరు ట్యాక్స్ ఎలా ఫైల్ చేసినా ఆ ఈఎంఐ పైసా మారదు. మారేది అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఫెడరల్ లోన్లకే, అదీ ఆదాయాన్ని బట్టి కట్టే ప్లాన్‌లో ఉంటేనే. ఆ లోన్లు ప్రధానంగా సిటిజన్లకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు దొరుకుతాయి. అంటే ఇక్కడ పెరిగిన అమ్మాయినో అబ్బాయినో చేసుకుని వచ్చినవాళ్లకూ, గ్రీన్‌కార్డు వచ్చాక మళ్లీ చదువుకున్నవాళ్లకూ ఇది పనికొస్తుంది. సంబంధం మాట్లాడుకునేటప్పుడు జీతం అడుగుతాం, వీసా అడుగుతాం. లోన్ ఎంత ఉంది, ఏ ప్లాన్‌లో ఉంది అని అడిగినవాళ్లను నేనింతవరకూ చూడలేదు.

అసలు సూత్రం చిన్నదే. జాయింట్‌గా ఫైల్ చేస్తే ఇద్దరి ఆదాయం కలిపి వాయిదా వేస్తారు. సెపరేట్‌గా చేస్తే అప్పున్న మనిషి ఆదాయమే చూస్తారు. 2025 జులైలో వచ్చిన చట్టం ప్లాన్లను మార్చింది కానీ ఈ సూత్రాన్ని మార్చలేదు. సేవ్, పే, ఐసీఆర్ అనే పాత ప్లాన్లు 2028 జులై 1 లోపు పూర్తిగా పోవాలని ఆ చట్టం చెప్పింది. పాత లోన్లవాళ్లకు ఐబీఆర్ అనే ప్లాన్ ఉంటుంది. 2026 జులై 1 నుంచి ర్యాప్ అనే కొత్త ప్లాన్. ఇందులో ట్యాక్స్ రిటర్న్‌లోని ఏజీఐ (స్టాండర్డ్ డిడక్షన్ తీయకముందు ఉండే ఆదాయం) 10,000 డాలర్లు దాటితే ఏడాదికి 1 శాతం, 20,000 దాటితే 2 శాతం, అలా పెరుగుతూ లక్ష దాటితే 10 శాతం కట్టాలి. రిటర్న్‌లో చూపిన ఒక్కో డిపెండెంట్‌కు నెలకు 50 డాలర్లు తగ్గిస్తారు.

రెసిడెన్సీలో ఉన్న భార్య ఏజీఐ 68,000, సాఫ్ట్‌వేర్ భర్తది 1,32,000 అనుకుందాం. పిల్లలు లేరు. జాయింట్‌గా చేస్తే 2,00,000 మీద 10 శాతం, అంటే నెలకు దాదాపు 1,667 డాలర్లు. సెపరేట్‌గా చేస్తే 68,000 మీద 6 శాతం, నెలకు 340. మరి ట్యాక్స్ ఎంత పెరుగుతుంది? 2025 శ్లాబులతో, స్టాండర్డ్ డిడక్షన్‌తో నేనే కూర్చుని వేశాను. జాయింట్‌కు 26,898, సెపరేట్‌కు ఇద్దరిదీ కలిపి 27,156. తేడా 258 డాలర్లు. ఏడాదికి దాదాపు 16,000 తక్కువ వాయిదా కోసం 258 ఎక్కువ ట్యాక్స్. మొదటిసారి ఈ లెక్క చూసి తప్పు చేశాననుకుని మళ్లీ వేశాను.

ఇదే అమ్మాయికి భర్త ఉద్యోగం లేకుండా ఉంటే కథ తిరగబడుతుంది. కలిపినా ఆదాయం అదే 68,000, వాయిదా అదే 340. కానీ ట్యాక్స్ జాయింట్‌లో 3,903 అయితే సెపరేట్‌లో 6,409. ఊరికే 2,500 డాలర్లు పోతాయి. "లోన్ ఉంటే సెపరేట్ చేసెయ్" అని పార్టీల్లో చెప్పే సలహా అందుకే ప్రమాదం.

టెక్సస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్, అరిజోనాల్లో ఉన్నవాళ్లు ఇంకో మెలిక చూసుకోవాలి. ఇవి కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రాలు. సెపరేట్‌గా చేసినా ఇద్దరి సంపాదనను చెరిసగం పంచి, ఆ పంపకం చూపే ఫారం 8958 పెట్టాలి. పై జంట న్యూజెర్సీలో ఉంటే 340 కట్టే అమ్మాయి, టెక్సస్‌లోని ఫ్రిస్కోకు మారితే ఏజీఐ 1,00,000 అయి నెలకు 750 కట్టాల్సి వస్తుంది. అసలు జీతం అంత లేదని పే స్టబ్‌లు పెట్టి సర్వీసర్‌ను అడిగి చూడాలి. అప్పున్న మనిషిదే పెద్ద జీతమైతే మాత్రం ఈ సగం సగం పద్ధతే కలిసొస్తుంది.

సెపరేట్‌లో పోయేవి కూడా ఉన్నాయి. లోన్ వడ్డీ మీద 2,500 డాలర్ల వరకు ఉండే డిడక్షన్ రాదు. చదువు తాలూకు క్రెడిట్లు రావు, డేకేర్ క్రెడిట్ మామూలుగా రాదు. ఒకే ఇంట్లో ఉంటూ రాత్ ఐఆర్‌ఏ అనే రిటైర్మెంట్ ఖాతాలో వేయడం దాదాపు కుదరదు. చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ మాత్రం ఉంటుంది.

అక్టోబరులోనో నవంబరులోనో దిగినవాళ్లు ఆ ఏడాదికి ట్యాక్స్ లెక్కలో సాధారణంగా నాన్‌రెసిడెంట్లు. మిమ్మల్ని రెసిడెంట్‌గా చూడమని ఇద్దరూ రాసిస్తేనే జాయింట్ కుదురుతుంది. అలా రాసిస్తే ఇండియాలోని ఎఫ్‌డీ వడ్డీ, ఇంటి అద్దె కూడా చూపించాలి.

ఇంతకీ వాయిదా తగ్గడమే లాభమా? కాదు. అప్పు 25,000 ఉండి, ఇద్దరూ సంపాదిస్తుంటే జాయింట్‌గా ఫైల్ చేసి, రెండు మూడేళ్లలో తీర్చి పారేయడమే నయం. మా ఆవిడలా లాభాపేక్ష లేని హాస్పిటల్‌లోనో, ప్రభుత్వ ఉద్యోగంలోనో ఉండి, పీఎస్ఎల్ఎఫ్ అనే లోన్ మాఫీ పథకం కింద 120 వాయిదాలయ్యాక మిగతాది మాఫీ చేయించుకునేవాళ్లకే తక్కువ వాయిదా నిజమైన డబ్బు. ఆ మాఫీకి ఫెడరల్ ట్యాక్స్ లేదు. ర్యాప్‌లో 30 ఏళ్లకు వచ్చే మాఫీకి ఇప్పటి చట్టం ప్రకారం ట్యాక్స్ ఉంది.

రెండు విధాలా లెక్క వేసి చూపించమని ట్యాక్స్ చేసేవాళ్లను ఫిబ్రవరిలోనే అడగండి. అడగకపోతే ట్యాక్స్ తక్కువ వచ్చేదే చేస్తారు, వాళ్ల పని అదే మరి. తేల్చుకోలేకపోతే ముందు సెపరేట్‌గా చేయండి. దాన్ని మూడేళ్లలోపు 1040-ఎక్స్ అనే సవరణ ఫారంతో జాయింట్‌గా మార్చుకోవచ్చు. జాయింట్‌ను సెపరేట్‌గా మార్చాలంటే మాత్రం గడువు ఏప్రిల్ 15 వరకే.

ఆ ఉత్తరం వచ్చిన రోజు రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని నేను వెతికింది ఈ రెండో దాని కోసమే. అప్పటికి ఆగస్టు. ఆ ఏడాదంతా పెరిగిన వాయిదానే కట్టాం.