రెండు బిందువుల మధ్య దూరం: సూత్రానికి ముందు త్రిభుజం

నిరూపక తలంలో రెండు బిందువుల మధ్య దూరం కనుక్కోమనగానే పదో తరగతి విద్యార్థులు చాలామంది నేరుగా సూత్రం రాసి అంకెలు వేసేస్తారు. అందులో తప్పేమీ లేదు గాని, ఆ సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మధ్యలో ఒక గుర్తు తారుమారైనా వెంటనే పట్టుకోగలుగుతారు. కాబట్టి గ్రాఫు కాగితంతోనే మొదలుపెడదాం.

ఏ (-2, 3), బీ (4, -5) బిందువులను గుర్తించండి. ఏ నుంచి కిందికి నిలువు గీత, బీ నుంచి ఎడమకు అడ్డగీత గీస్తే అవి (-2, -5) వద్ద లంబకోణంలో కలుసుకుంటాయి. ఆ బిందువును సీ అనుకుంటే, మనకు కావలసిన ఏబీ దూరం ఈ లంబకోణ త్రిభుజానికి కర్ణం అవుతుంది. అడ్డభుజం పొడవు ఎక్స్-నిరూపకాల భేదం, అంటే 4 - (-2) = 6; నిలువు భుజం వై-నిరూపకాల భేదం, -5 - 3 = -8, పొడవుగా చూస్తే 8. గడులు లెక్కపెట్టినా ఇవే వస్తాయి. ఇక పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 36 + 64 = 100, దాని వర్గమూలం 10. దూరం 10 యూనిట్లు. ఎక్స్-నిరూపకాల భేదం వర్గానికి వై-నిరూపకాల భేదం వర్గాన్ని కలిపి, మొత్తానికి వర్గమూలం తీయమని సూత్రం చెప్పేది ఇదే.

రెండు నిరూపకాల్లో దేనిలోంచి దేన్ని తీసివేసినా, భేదాన్ని వర్గం చేస్తాం కనుక ఫలితం మారదు. అసలు పొరపాట్లు వేరేచోట జరుగుతాయి. 4 - (-2)ను 2 అని రాయడం ఒకటి. కాలిక్యులేటరులో బ్రాకెట్లు లేకుండా -8² కొట్టి, వచ్చిన -64ను నమ్మడం మరొకటి. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది మాత్రం √(36 + 64)ను 6 + 8 = 14గా విడదీయడం. ఏ నుంచి సీ మీదుగా బీకి మలుపు తిరిగి వెళితే అయ్యే దూరం 14. తిన్నగా వెళ్లే దారి అంతకన్నా తక్కువే ఉండాలి, పెద్ద భుజమైన 8 కన్నా ఎక్కువ ఉండాలి. నా మటుకు నేను ప్రతి జవాబునూ ఈ రెండు హద్దుల మధ్య ఉందో లేదో చూశాకే కలం పక్కన పెడతాను.

రెండు బిందువులు ఒకే అడ్డగీతపైనో నిలువు గీతపైనో ఉంటే త్రిభుజం ఏర్పడదు. భేదం పరిమాణమే దూరం.

వర్గమూలం పూర్ణాంకం కాకపోతే దశాంశాలకు తొందరపడకండి. (1, 1), (3, 2), (7, 4) బిందువులు సరేఖీయాలో కాదో చూడాలంటే మూడు దూరాలు కట్టాలి: √5, √20, √45. వీటిని √5, 2√5, 3√5గా సూక్ష్మీకరిస్తే, మొదటి రెండింటి మొత్తం మూడోదానికి సమానమని, అందువల్ల మూడూ ఒకే సరళరేఖపై ఉన్నాయని చూపుతోనే తెలిసిపోతుంది.