మోకాలి మార్పిడి ఆపరేషన్‌కు ముందు ఆశల పట్టీ ఎలా రాసుకోవాలి?

ఎక్స్‌రే చక్కగా ఉంటుంది, కుట్లు మానిపోతాయి, డాక్టరు బాగుందంటారు. పేషెంటు మాత్రం "ఇందుకేనా చేయించుకున్నది" అని ముఖం మాడ్చుకుంటారు. తిరుపతిలో ఫిజియోథెరపీ చేయిస్తూ ఇది చూసి చూసి విసుగొచ్చింది. ఈ ఆపరేషన్ చేయించుకున్న ప్రతి 5 మందిలో దాదాపు ఒకరికి పూర్తి తృప్తి ఉండదని విదేశీ అధ్యయనాలు చెబుతున్నాయి. ముందు పెట్టుకున్న ఆశ తీరకపోవడం అందుకు పెద్ద కారణాల్లో ఒకటి. టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రిలో చేయించుకున్నా, ప్రైవేటులో చేయించుకున్నా ఆపరేషన్ తర్వాత ఏమేం చేయగలగాలని ఆశ పడుతున్నారో ఆ పట్టీ, అంటే జాబితా, మాత్రం మీరే రాసుకోవాలి.

1. ఒక నోట్‌బుక్, పెన్ను, పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో రాయొద్దు. డాక్టరు ముందు అది తెరుచుకునేలోపు మీ టైమ్ అయిపోతుంది.

2. "నొప్పి పోవాలి" అని రాసి ఊరుకోకండి. చేయాలనుకునే పనులు రాయండి: గోవిందరాజస్వామి గుడికి నడిచి వెళ్లాలి, బస్సెక్కాలి, కింద కూర్చుని పూజ చేసుకోవాలి, అలిపిరి మెట్లెక్కాలి.

3. ఇప్పుడు ఆ పట్టీ డాక్టరు ముందు పెట్టి ఒక్కొక్కటీ అడగండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. "అన్నీ బాగవుతాయి కదా సార్?" అంటే ఆయన "అవుతాయమ్మా" అనే అంటారు. "నా మోకాలితో ఈ పని అవుతుందా, కాదా?" అని అడగండి. అవుతుంది, కావచ్చు, ఆశ వదులుకోండి అని ప్రతిదాని పక్కనా రాసుకోండి.

చదునైన దారిలో నొప్పి లేకుండా నడవడం చాలామందికి సాధ్యమే. కింద కూర్చోవడం వేరే సంగతి. కొత్త మోకాలు మామూలుగా 110, 120 డిగ్రీల దాకా వంగుతుంది. కుర్చీకి అది చాలు, గొంతుక్కూర్చోవడానికి చాలదు. పైగా ఆపరేషన్ తర్వాత ఎంత వంగుతుందన్నది చాలావరకు ఇప్పుడు ఎంత వంగుతోందన్న దాన్నిబట్టే ఉంటుంది. కాబట్టి పక్కింటి వదిన రెండో నెలకే పీట మీద కూర్చుందని మీరూ ఆశ పెట్టుకోకండి. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లున్నాయి. నడిచి ఎక్కే సంగతి ఒకసారి, మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్లూని ఎక్కే మొక్కు సంగతి ఇంకోసారి అడగండి. మోకాలు నేలకు ఆనించడం ఆపరేషన్ తర్వాత చాలామందికి ఇబ్బందే.

ఇంకో రెండు ప్రశ్నలు తప్పనిసరి. నొప్పిలో కొంత నడుము నుంచి వస్తోందా? అలా అయితే మోకాలు మార్చినా ఆ భాగం పోదు. ఎక్స్‌రేలో అరుగుదల ఎంతుంది? అరుగుదల తక్కువున్నప్పుడు తొందరపడి చేయించుకున్న వాళ్లలోనే అసంతృప్తి ఎక్కువ.

వాపు, వెచ్చదనం నెలల తరబడి ఉండొచ్చు. కుట్టు పక్కన తిమ్మిరి, నడిచేటప్పుడు టక్‌మన్న చప్పుడు కూడా మామూలే. కోలుకోవడం ఏడాది దాకా సాగుతుంది. ఇవి ముందే తెలిస్తే టెన్షన్ ఉండదు. జ్వరం వచ్చినా, కుట్టు దగ్గర చీము కనిపించినా, పిక్కలో నొప్పి, వాపు ఎక్కువైనా మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తోడుగా కూతురినో కోడలినో తీసుకెళ్లండి. కొడుకులు ఖర్చెంత, రూమ్ ఉందా అని అడిగేసి లేచి వచ్చేస్తారు.

4. పట్టీలో "వదులుకోండి" అని పడిన వాటికి ఇంట్లో ఏర్పాటు చేసుకోండి. పూజకు కుర్చీ, స్నానానికి స్టూలు చాలు. వెస్టర్న్ టాయిలెట్ లేకపోతే ఆపరేషన్‌కు ముందే పెట్టించండి. వాకర్‌తో ఇంటికొచ్చాక మేస్త్రీ కోసం వెతుక్కోవద్దు.